ఆషాఢం తర్వాతి నెల

"ఆషాఢం నెలైతే నాకేటి అభ్యంతరం? ఆ నెల కొత్తకోడలు ఈ గడప లోపల ఉండనే కూడదు. కాప్రాలో మీ నాన్న దగ్గరుంటావో, సముద్రం అవతలుంటావో నీ ఇష్టం. శ్రావణం మాటేటో చెప్పు" అన్నారు అత్తయ్య, గోరుచిక్కుడుకాయ ఈనె తీస్తూ.

ఎదురుగా కూచుని నేనూ ఈనెలు తీస్తున్నాను. తీసిన కాయనే మళ్ళీ తీశాను.

అది రెండువేల నాలుగు ఏప్రిల్. మా పెళ్ళై అప్పటికి రెండు నెలలు. నాకింకా అన్నీ ముచ్చటగానే ఉండేవి. కార్ఖానా అనే పేటలో మాది మేడమీద అద్దె వాటా. వంటింటి కిటికీ తీస్తే ఎదురింటి బాదంచెట్టు కొమ్మ చేతికందేది. కుక్కరు మూడోసారి కూసేసరికి మా ఆయన పైడిబాబు స్నానం ముగిసేది. (ఎదురుగా ఎప్పుడూ పేరుపెట్టి పిలవలేదు. రాసేటప్పుడు మాత్రం పిలుచుకుంటాను, బాగుంటుంది.) సబ్బువాసనతో వంటింట్లోకొచ్చి, బాక్సు అందుకుంటూ "బోఁజూర్ మేడమ్" అనేవాడు. డిగ్రీలో మార్కుల కోసం నేను తీసుకున్న ఫ్రెంచిలో ఆయనకి అంటింది ఆ ఒక్క మాటే. తర్వాత వీధి చివర మాధాపూర్ వెళ్ళే ఆఫీసు బస్సెక్కి, కిటికీలోంచి మేడకేసి చూసేవాడు. ఆ చూపు కోసం పొయ్యి మీద పోపు మాడ్చిన రోజులున్నాయి.

వంటింటి అరల్లో అత్తయ్య డబ్బాలుండేవి. ఒక్కోదానికీ చిన్న చీటీ. కందిపప్పు, మినపగుళ్ళు, ధనియాలు. అక్షరాలు గుండ్రంగా, తలకట్లన్నీ ఒకే ఎత్తులో. "ఎవరు రాశారత్తయ్యా?" అని వచ్చిన కొత్తలో అడిగితే, "ఎవరో ఒకరు రాయాలి కదా" అని మూత పెట్టేశారు.

నేను బీఎడ్ చదువుతూ పెళ్ళి చేసుకున్నాను. "చదువు ఆపక్కర్లేదు" అని పెళ్ళిచూపుల్లోనే పైడిబాబు అన్నాడు. ఆ మాట మా నాన్న తాతాజీగారు బంధువులందరికీ చెప్పుకున్నారు. నేనూ సంబరపడ్డాను. నాకున్నదాన్ని నా దగ్గరే ఉండనివ్వడం అంత గొప్ప సంగతి ఎలా అయిందని అప్పుడు తోచలేదు.

రోజు విడిచి రోజు నీళ్ళు వచ్చేవి. ఆ రోజుల్లో అయిదింటికి లేచి, రెండు డ్రమ్ములూ బిందెలూ నింపి, రెండు బాక్సులు కట్టి, అత్తయ్య మోకాళ్ళకి నూనె వెచ్చబెట్టి, ఎనిమిదిన్నరకల్లా బడిలో ఉండేదాన్ని. టీచింగ్ ప్రాక్టీసు అక్కడే. తెలుగు చెప్పే పురుషోత్తం సారు స్టాఫ్‌రూములో పేపర్ల కట్ట నా ముందు పెట్టేవారు. "దేవమ్మా, జెర ఇవి సుత చూడరాదూ. నాకు కండ్లు మండుతున్నయ్. ఎట్లైనా నీకు ప్రాక్టీసే గద." నవ్వుతూనే అడిగేవారు, నవ్వుతూనే దిద్దేదాన్ని. మూడు సెక్షన్ల సంవత్సర పరీక్ష పేపర్లు దిద్దాను. మార్కుల పట్టీ కింద సంతకం ఆయనది. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే, "నా భార్యంటే ఏమనుకున్నావ్" అని పైడిబాబు వాళ్ళ స్నేహితుడికి ఫోనులో గొప్పగా చెప్పాడు. ఆ సాయంత్రం ప్యారడైజ్ దగ్గర సమోసాలు తిన్నాం. ఆ రోజు నేను నిజంగానే సంతోషంగా ఉన్నాను, అది అబద్ధం కాదు.

ఏప్రిల్ చివరివారం, సోమవారం నాడు మా బీఎడ్ ప్రిన్సిపాల్ ప్రేమమణిగారు నన్నూ సృజననీ గదిలోకి పిలిచారు. మారిషస్‌లో ఎప్పుడో తరాల కిందట వెళ్ళి స్థిరపడిన తెలుగువాళ్ళ పిల్లలకి బడుల్లో తెలుగు చెబుతారట. అక్కడి తెలుగు సంఘం ఒకటి ఇద్దరు శిక్షణ విద్యార్థుల్ని అడిగింది. జూన్ ఇరవై నుంచి ఆగస్టు పద్నాలుగు దాకా, ఎనిమిది వారాలు. మొదటి నెల తరగతిలో పాఠాలు. తర్వాత అక్కడ శీతాకాలం సెలవులు, అప్పుడు మాకు ఫ్రెంచి క్లాసులు. ఉండటానికి అక్కడి వాళ్ళ ఇళ్ళు. "మీ పాఠాలు చూశాకే మీ పేర్లు రాశాను" అన్నారు మేడమ్. వచ్చే సోమవారానికల్లా ఫారాలు అందాలన్నారు.

బయటికొచ్చాక సృజన నా భుజం పట్టుకుని ఊపేసింది. ఆమెది బొల్లారం. నాన్న రాములుగారు పాలకేంద్రం నడుపుతారు. "ఏందే గట్ల నిలబడ్డవ్? మా బాపు నేను చెప్పంగనే సంతకం జేస్తడు చూడు. నువ్వు సుత రేపటికల్లా తీస్కరా."

మర్నాడు ఆమె ఫారం వచ్చింది. నాది రాలేదు.

ఫారం తెలుగులోనే ఉంది. అదీ నాకొక ముచ్చట. పేరు, పుట్టినతేదీ, చదువు, ఫ్రెంచి వచ్చునా. అన్నీ బస్సులోనే నింపేశాను. చివర రెండు గళ్ళు మిగిలాయి. సంరక్షకుల సంతకం. అభ్యర్థికి ఏమవుతారు.

నాన్న ఆ గళ్ళ మీద వేలు పెట్టి, "ఇది అల్లుడుగారు పెట్టాలమ్మా. ఇప్పుడు నేను పెడితే బాగోదు" అన్నారు. ఫారం కార్ఖానాకొచ్చింది. పైడిబాబు చదివి, ఎగిరి గంతేసి, నన్ను ఎత్తినంత పనిచేసి, "అమ్మనొక్క మాట అడిగి పెడతాను" అన్నాడు. అత్తయ్య చేతులు తుడుచుకుని చదివారు. మొదటిసారి చదివాక మళ్ళీ మొదటికొచ్చి చదివారు. "ఆళ్ళ నాన్నగారేటన్నారు?" అని కొడుకుని అడిగారు. ఎవరూ వద్దనలేదు. ఎవరూ పెట్టలేదు. ఇరవై మూడేళ్ళ నేను, నా పేరు రాసిన కాగితం పట్టుకుని కాప్రాకీ కార్ఖానాకీ మధ్య తిరిగాను.

ఆ పైనే గోరుచిక్కుడుకాయల ముందు శ్రావణం మాట వచ్చింది. జూలై పద్దెనిమిదికి ఆషాఢం వెళ్ళిపోతుంది. కొత్తకోడలికి మొదటి శ్రావణం, మంగళవారాలు గౌరీ నోము, శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. మొదటి ఏడాది నోము అమ్మ దగ్గర పట్టాలి. నాకు అమ్మ లేదు. "నేనే పట్టిస్తాను, అమ్మనైనా నేనే" అని పెళ్ళిపీటల దగ్గరే అన్న మనిషి అత్తయ్య. ఆవిడ ముందు కూచుని, నోముకి నేనుండను అని ఎలా అనగలను? పండగలూ తిథులూ నాకు ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు. ఆవిడ చెప్పిందే నా పంచాంగం.

బుధవారం పైడిబాబు అన్నాడు, "మరి నీళ్ళు ఎవరు పడతారు దేవీ? అమ్మ మోకాళ్ళు చూస్తున్నావు కదా." గురువారం అన్నాడు, "నువ్వు లేకపోతే ఇల్లు చిన్నబోతుంది." రెండూ ప్రేమగానే అన్నాడు. జుట్టు సవరిస్తూ అన్నాడు. పళ్ళెంలో నెయ్యి నాకే ముందు వేస్తూ అన్నాడు. కాని ఆ మధ్యాహ్నం డ్రమ్ము కడుగుతుంటే నా చేతులు ఆగిపోయాయి. ఆషాఢంలో ఎలాగూ నెల్లాళ్ళు నేనీ ఇంట్లో ఉండను. అది పెళ్ళికి ముందే అందరికీ తెలుసు. అప్పుడు నీళ్ళెవరు పడతారని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. వాళ్ళు పంపిస్తే నీళ్ళు వాటంతటవే నిండుతాయి. నేను వెళ్తానంటేనే డ్రమ్ములు ఖాళీగా కనబడతాయి.

శనివారం సాయంత్రం స్కూటరు మీద వెళ్తూ ఆయన వీపుకి చెంప ఆనించి, "మీకిష్టమేనా నేను వెళ్ళడం?" అని అడిగాను.

"ఇష్టమే. చాలా ఇష్టం. అమ్మని ఒప్పించుకో."

గాలికి నా చున్నీ ఎగిరింది. ఆయన ఒక చేత్తో వెనక్కి తడిమి, అది చక్రంలో పడకుండా నా ఒళ్ళో పెట్టాడు. ఎంత జాగ్రత్త. ఆ ఇష్టానికి మాత్రం ఆయన చేయాల్సిన పనేమీ లేదు, చేయాల్సిందంతా నాదే. నా పాస్‌పోర్టు గుర్తొచ్చింది. ఆఫీసు వాళ్ళు ఎప్పుడైనా బయటికి పంపితే వెంట తీసుకెళ్ళొచ్చని పెళ్ళైన వారానికే చేయించాడు. రెండూ ఒకే కవరులో, ఆయనది పైన, నాది కింద. వెంట వెళ్ళడానికి ఎవరి సంతకమూ అక్కర్లేకపోయింది.

ఇంటికొచ్చి ఫారం తీసి పెళ్ళిచీర కింద పెట్టేశాను. వచ్చే ఏడు ఇంకేదైనా వస్తుందిలే అనుకున్నాను. అనుకుని, దోసెల పిండి రుబ్బాను. సంతోషంగా ఉండటం నాకు అలవాటే కాబట్టి కాస్త ప్రయత్నిస్తే వచ్చేస్తుందనుకున్నాను. రాలేదు.

ఆదివారం భోజనాలయ్యాక అత్తయ్య తన గదిలోంచి పిలిచారు. మంచం మీద గోడ కాలెండరు పరుచుకుని కూచున్నారు. మేకు నుంచి దింపినట్టున్నారు, పక్కనే మేకు కూడా ఊడి పడుంది.

"ఆ కాగితం తే. ఎక్కడ దాచావు?"

తెచ్చాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని జూలై పేజీ తిప్పారు. పద్దెనిమిదో తేదీ కింద, చీమల బారులాంటి అక్షరాల మీద వేలు పెట్టారు.

"చదువు."

"అధిక శ్రావణం."

"ఈ ఏడు శ్రావణాలు రెండమ్మా. ముందొచ్చేది అధికం. అందులో నోముల్లేవు, వ్రతాల్లేవు, పెళ్ళిళ్ళు లేవు. ఎవరికీ కోడలు అక్కర్లేని నెల. అసలు శ్రావణం ఆగస్టు పదహారు దాటాక. నువ్వు పద్నాలుక్కే వచ్చీస్తావు కదా."

వేళ్ళ మీద లెక్క చూసుకున్నాను. ఆషాఢం, ఆ తర్వాతి నెల. ఎనిమిది వారాలకీ ఎనిమిది వారాలు. గుండె ఒక్కసారి లేచింది, వెంటనే ఒక మాట అడ్డం పడింది.

"మీకిది ముందే తెలుసా అత్తయ్యా?"

"ఉగాది నాడే తెలుసు. పంచాంగం కొనగానే చూస్తాను."

అత్తయ్య కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచారు. చాలాసేపు తుడిచారు.

"డెబ్భై అయిదులో నా పెళ్ళి. విజీనారంలో టీచరు ట్రైనింగుకి సీటొచ్చింది. క్లాసులు ఆషాఢంలో మొదలెట్టేరు. ఎలాగూ కన్నారింట్లో ఉండాలి కదా, నెల్లాళ్ళు ఎళ్ళేను. ఒకటో తరగతి పిల్లలకి పాఠం కూడా చెప్పించేరు, ఒక్కటి. ఆఖరి బెంచీలో ఒకడు నా కొంగు పట్టుకుని వదల్లేదు." నవ్వారు. "శ్రావణం రాగానే నోముకని మా అమ్మావాళ్ళు బండి కట్టించుకొచ్చేరు. నోమైపోగానే పంపుతామన్నారు."

"పంపలేదా?"

"ఆళ్ళు వద్దన్లేదు. నేను అడగలేదు. నా పెళ్ళయిన ఏడు అధికమాసం రాలేదమ్మా."

అరల్లోని డబ్బాలన్నీ నా కళ్ళముందు తిరిగాయి. కందిపప్పు, మినపగుళ్ళు, ధనియాలు. ఒకే ఎత్తులో తలకట్లు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆవిడ పాఠం చెబుతున్నది ఆ డబ్బాలకే.

"మరి సోమవారం నుంచీ ఎందుకు చెప్పలేదు?"

"చెప్దామనే అనుకున్నాను. నోటికి రాలేదు. నాకు లేనిది నీకెందుకని కాదమ్మా..." ఆగారు. కాలెండరు అంచు మడిచి విప్పారు. "కాదేటి. అదే అనుకో."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నూనె వాసన, గోరుచిక్కుడు పసరు ఎండిన గోళ్ళు. నాకు కోపం రావాల్సింది, రాలేదు. ఆవిడ ఆ చేతిని విడిపించుకోలేదు.

గుమ్మంలోంచి అంతా విన్నట్టున్నాడు, పైడిబాబు లోపలికొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. జేబులోంచి పెన్ను తీసి మూత ఊడదీశాడు. "ఇంకేం, అమ్మ ఒప్పుకుందిగా. ఇలా ఇవ్వు, పెట్టేస్తాను."

"నువ్వాగరా" అన్నారు అత్తయ్య. "రేపు నీళ్ళ రోజు. అయిదింటికి లెగు ముందు. డ్రమ్ముకి గొట్టం ఎలా పెట్టాలో కోడలు ఎళ్ళేలోపు నేర్చుకో."

"అయిదింటికా?" అన్నాడు, నాకేసి చూస్తూ. నేను చూపు తిప్పుకోలేదు. తనే, "సరే, లేపు" అన్నాడు.

"అలారం పెట్టుకోండి" అన్నాను.

ఫారం నా ఒళ్ళో ఉంది. ఆ రెండు గళ్ళూ ఖాళీగానే ఉన్నాయి. అధికమాసం రెండు మూడేళ్ళకోసారి వస్తుంది. నాకు ఇంకా ఎన్నో ఏళ్ళున్నాయి, అందులో చాలావాటికి పన్నెండు నెలలే ఉంటాయి. ఎవరికీ అక్కర్లేని నెలల్లోనే నా పనులు చేసుకోవాలంటే ఎంత మిగులుతుంది? ఆయన చేతిలోంచి పెన్ను తీసుకున్నాను. సంరక్షకుల సంతకం అన్నచోట నా పేరు పెట్టాను. అభ్యర్థికి ఏమవుతారు అన్నచోట ఒక్క మాట రాశాను. కింద ఆసరా లేక కాగితం ఒళ్ళో జారింది.

పైడిబాబు వంగి చూశాడు. "ఇలా ఒప్పుకుంటారా వాళ్ళు?"

"ఒప్పుకోకపోతే తిప్పి పంపుతారు. మళ్ళీ ఇదే రాస్తాను."

అత్తయ్య కాగితం అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నారు. 'నేనే' అన్న ఆ మాట మీద చూపు ఆగింది. బాదంచెట్టు మీద ఏదో పిట్ట అరిచి ఊరుకుంది. చివరికి కాగితం నా ముందు పెట్టి, ఆ గడి మీద వేలితో తట్టారు.

"అక్షరాలు ఏటిలా ఒరిగిపోనాయి? మళ్ళీ దిద్దు, గుండ్రంగా. అక్కడ పిల్లలు నీ రాత చూసే నేర్చుకుంటారు."