మైలెద్దు చేసిన నేరం

తాగినన్నాళ్ళూ లాజరును ఏ సర్కారూ ఏమీ అనలేదు. నిజాం ఏలుబడిలో కల్లు తాగి, సారా తాగి, మూటల మీద వెల్లకిలా పడుకుని తన ఊరు గరిడేపల్లి నుంచి కోదాడ దాకా పోయేవాడు. ఎద్దులకు దారి తెలుసు, ఆయనకు నిద్ర తెలుసు. కిరాయి సరుకు చేరాల్సిన చోటికి చేరేది. తీరా మందు మానేశాక, పోలీసు చర్య అయిపోయి కొత్త అధికారులు దిగిన నలభై తొమ్మిదిలో, తాగి బండి తోలిన నేరం వచ్చి మెడకు చుట్టుకుంది. పైవాడు కూడా అప్పుడప్పుడూ ఆలస్యంగా నిద్ర లేస్తాడేమో, మనకేం తెలుసు.

మానడం కూడా ఊరికే మానలేదు. భార్య ముత్తమ్మ మాన్పించింది. ఆమె పుట్టిల్లు మిర్యాలగూడ అవతల దామరచర్ల. మొగుడి తాగుడుకు విసిగి ఆమె అక్కడికి పోవడం, పెద్దమనుషులు పోయి నచ్చజెప్పి తీసుకురావడం చాలాసార్లే అయింది. కిందటి క్రిస్మస్‌కు మాత్రం ఆమె ఏడవలేదు, అరవలేదు.

"ఇంకొక్కపారి తాగినవంటే పోత. ఈసారి ఎవరొచ్చినా రాను. నా మైలెద్దును గూడ తోలుకపోత" అని కూర అడుగంటకుండా కలుపుతూ చెప్పింది. ఆ నెమ్మదికి లాజరు హడలిపోయాడు.

మైలెద్దు ఆమె తండ్రి ఇచ్చింది. బూడిద రంగు ఒళ్ళు, వంకర కొమ్ములు, పిలిస్తే పలికే గుణం. కాడికి రెండో వైపు కట్టే ఎర్రెద్దు లాజరుది. దానికి గుణం అంటూ ఏమీ లేదు, లాగడం తప్ప. ఒకటి పోతే బండి లేదు, బండి లేకపోతే కూడు లేదు. అయితే లాజరుకు కూటికంటే ముత్తమ్మ పోతుందన్న భయమే ఎక్కువ. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు గానీ వాడకట్టులో అందరూ ఎరుగుదురు.

క్రిస్మస్ నుంచి రోజూ పొద్దుగూకి ఇంటికి రాగానే గడప ముందు నిలబడి నోరు తెరిచేవాడు. ముత్తమ్మ వాసన చూసి, "సరే" అని పక్కకు జరిగేది. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేవాడు. తర్వాత అలవాటై, బండి దిగుతూనే నోరు దానంతటదే తెరుచుకునేది. ఆ "సరే" మాత్రం అలవాటు కాలేదు. వాసన చూడకుండానే ఒక్కనాడైనా నమ్మితే బాగుండునని లోలోపల ఉండేది.

తొలకరి పడ్డాక ఒకనాడు మిర్యాలగూడలో పల్లీ మూటలు ఎత్తుకుని కోదాడకు బయలుదేరాడు. వెనక బండి తండా దస్రుది, పాత స్నేహితుడు. కోదాడ ఇంకా కోసెడు దూరం ఉందనగా ఎద్దుల్ని విప్పి ఇద్దరూ సద్ది తింటుంటే, మైలెద్దు ఎవరిదో పచ్చి పెసర చేలో పడి మెక్కింది. చూస్తుండగానే దాని కడుపు డోలులా ఉబ్బింది. కాళ్ళు చాపి పడిపోయి మూలగసాగింది.

కడుపుబ్బరానికి ఆ చుట్టుపక్కల మందు ఒకటే: సారాలో అల్లం, వాము దంచి కలిపి వెదురు గొట్టంతో గొంతులో పోయడం. అల్లం, వాము లాజరు సంచిలో ఉన్నాయి. సారా దస్రు బండిలో ఎప్పుడూ ఉంటుంది. తండాలో ఆయనే దొంగచాటుగా కాస్తాడు గనక.

"గిలాసెడు సాలు దస్రూ" అన్నాడు లాజరు.

"గిలాసెడు నాకే ఆనది. గింత పెద్ద ఒంటికి ఏడ ఆనుతదన్నా?" అని దస్రు కుండంతా వంచాడు.

మైలెద్దు సగం మింగింది, సగం లాజరు రొమ్ము మీద చీదింది. కాసేపటికి కడుపు దిగింది. లేచి నిలబడి పెద్దగా తేన్చి, లాజరును ఎన్నడూ చూడనంత ప్రేమగా చూసింది. బతికిందిరా దేవుడా అనుకుని లాజరు కాడి కట్టాడు. అదే తప్పయింది.

కోదాడలో కరోడ్‌గిరి నాకా ఉంది, మద్రాసు రాజ్యంలోంచి వచ్చీపోయే సరుకు మీద సుంకం వసూలు చేసే చోటు. బెజవాడ వైపు నుంచి కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు ఆ పూట నాకా ముందర కుర్చీ వేసుకుని, కిటికీకి అద్దం తగిలించి గడ్డం గీసుకుంటున్నాడు. అక్కడికి వచ్చేసరికి మైలెద్దుకు మత్తు తలకెక్కింది. ఎర్రెద్దు తిన్నగా లాగుతుంది, మైలెద్దు పక్కకు ఒరుగుతుంది. రెండూ కలిసి బండిని నాకా చుట్టూ తిప్పడం మొదలుపెట్టాయి. లాజరు పగ్గాలు పట్టుకుని వెనక్కి వాలిపోయి గుంజినా లాభం లేకపోయింది. గుడి చుట్టూ తిరిగినట్టు తిరుగుతూనే ఉన్నాయి.

మొదటి చుట్టుకు ఇన్‌స్పెక్టరు కుర్చీ జరుపుకున్నాడు. తర్వాతి చుట్టుకు, "ఏమయ్యా, ఆపుతావా లేదా?" అన్నాడు. ఆ తర్వాత కుర్చీ చక్రం కింద నలిగింది, అద్దం కొమ్ముకు తగిలి పగిలింది, మైలెద్దు నాకా అరుగు మీద తల వాల్చి నిద్రపోయింది. ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో ఇన్‌స్పెక్టరు వచ్చి లాజరు చొక్కా పట్టుకున్నాడు. సారా వాసన గుప్పుమంది. ఇక అడగాల్సిందేముంది.

"నేను తాగలే సారూ. ఎద్దు తాగింది" అన్నాడు లాజరు.

ఆ మాటతో ఆయన తాగాడని చూస్తున్న వాళ్ళందరికీ రూఢి అయిపోయింది.

పూచీ మీద వదిలితే ఇంటికి వచ్చి గడప ముందు నోరు తెరిచాడు. ముత్తమ్మ నోరు చూసింది, చొక్కా చూసింది. జరిగిందంతా విన్నది.

"ఇన్నేండ్లల్ల నువ్వు సెప్పినయన్ని విన్న. బావిల పడ్డనన్నవ్. దయ్యం పోసిందన్నవ్. ఎద్దు తాగిందనుడు మాత్రం ఇదే మొదలు" అంది.

"దస్రును అడుగు."

"దస్రు సాచ్చెం ఎవరిక్కావాలె? కచేరీల ఏం తేలుతదో తేలనీ" అని, చీరలు రెండు మూటగట్టి తలుపు మూలన పెట్టింది. లాజరుకు ఆ మూటను చూసినప్పుడల్లా అన్నం సహించేది కాదు.

దస్రు మాత్రం ధైర్యం చెప్పడానికి వచ్చాడు. ఇలాంటి కేసుల్లో తండాలో ఆయనకున్న అనుభవం ఎవరికీ లేదు.

"పరేషాన్ గాకన్నా. మొదలు నీ తండ్రి పేరు అడుగుతరు. తాగినోడు గది మర్సిపోతడని వాళ్ళ లెక్క. మళ్ళ గీత గీసి నడువుమంటరు. నవ్వద్దు, ఏడ్వద్దు. నవ్వితే తాగిండంటరు, ఏడిస్తే బాగ తాగిండంటరు."

"నువ్వొచ్చి నిజం సెప్పరాదు?"

"నేనొస్తే కుండ ముచ్చట అడుగుతరు. కుండ తర్వాత బట్టీ ముచ్చట. ఒక్క ఎద్దు కోసం తండా తండా జేలుకు పోవాల్నా?" అన్నాడు దస్రు. అదీ నిజమే.

సూర్యాపేటలో వకీలు మునీరుద్దీన్ సాబు దగ్గరికి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పోయారు. ఆయన అంతా విని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"జర సమజ్ చేస్కో లాజరూ. తాగిన అని ఒప్పుకుంటే జుర్మానా వేస్తరు, కట్టి పొద్దుగూకకముందే ఇల్లు చేరుతవ్. ఎద్దు తాగింది అన్నవనుకో, కథ వేరే. మనిషి తాగి సోయి తప్పిండంటే జుర్మానాతోటి మాఫీ ఉన్నది. ఎద్దుకు మాఫీ లేదు. ఖతర్నాక్ జానవర్ కింద బందెలదొడ్డిల తోలి హర్రాజు పాడుతరు."

"తాగకున్న తాగిన అనాల్నా సాబ్?"

"నిజం చెప్పి ఎద్దును పోగొట్టుకుంటవో, అబద్ధం చెప్పి తోలుకపోతవో నీ ఇష్టం. నా ఫీజు ఒక్కటే."

దారి పొడుగునా లాజరు ఆలోచించాడు. తాగానంటే ముత్తమ్మ పోతుంది. తాగలేదంటే ముత్తమ్మ ఎద్దు పోతుంది, ఆ దెబ్బకు ముత్తమ్మా పోతుంది. ఎటు తిరిగినా తలుపు మూలనున్న మూట తనను చూసి నవ్వుతున్నట్టే అనిపించింది. పోయేదెలాగూ పోతుంది, కనీసం తండ్రి ఇచ్చిన ఎద్దుతో పోనీ అని చివరికి తేల్చుకున్నాడు.

విచారణకు ఎద్దును కూడా హాజరు పరచమన్నారు. బండిని గరిడేపల్లిలోనే వదిలి రెండు ఎద్దుల్నీ తోలుకుని సూర్యాపేట కచేరీకి వచ్చారు. ఎర్రెద్దు పక్కన లేనిదే మైలెద్దు అడుగు తీసి అడుగు వెయ్యదు. కచేరీ ముందర కట్టేస్తే రెండూ నెమరు వేస్తూ నిలబడ్డాయి. ముత్తమ్మ చంకన మూటతో గుమ్మం దగ్గర కూర్చుంది. ఇటునుంచి ఇటే దామరచర్ల పోవడానికి సిద్ధపడి వచ్చిందని ఎవరికైనా తెలుస్తూనే ఉంది.

మెజిస్ట్రేటు కూడా కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడే. ఇన్‌స్పెక్టరు చెప్పింది శ్రద్ధగా విన్నాడు. పగిలిన అద్దం ముక్కలు బల్ల మీద పెట్టించి అందులో తన మొహం చూసుకున్నాడు.

"ఆనాడు ముద్దాయి ఎలా నడిచాడు?"

"తూలుతూ నడిచాడండి. ఎడమకు ఒరిగిపోయాడు."

"ఇవాళ ఎలా నడుస్తాడో చూస్తే తేడా తెలుస్తుంది. గీత గియ్యండి" అన్నాడు మెజిస్ట్రేటు.

బంట్రోతు సుద్దతో గీత గీశాడు. దస్రు చెప్పింది తలుచుకుని లాజరు నవ్వకుండా, ఏడవకుండా బయలుదేరాడు. అయితే చిన్నప్పుడే బండి చక్రం ఎక్కి ఆయన ఎడమ పాదం నలిగింది. అప్పటినుంచి ఆ కాలు వేసినప్పుడల్లా ఒళ్ళు ఎడమకు తూలుతుంది. సగం దూరంలోనే గీత దాటి పోయి ఇన్‌స్పెక్టరు కుర్చీని తాకాడు. ఇన్‌స్పెక్టరు అలవాటు కొద్దీ కుర్చీ జరుపుకున్నాడు.

"చూశారా అండీ? సరిగ్గా ఇలాగే" అన్నాడు.

"కోర్టుకు కూడా తాగి వచ్చావా?" మెజిస్ట్రేటుకు కోపం వచ్చింది. "బంట్రోతూ, వాసన చూడు."

బంట్రోతు పొద్దున్నే కొంచెం వేసుకుని వచ్చిన మనిషి. ముక్కు ఎక్కడ పెట్టినా ఆయనకు వాసనే. లాజరు మొహం దగ్గర ముక్కు పెట్టి, "వస్తున్నది హుజూర్. గట్టిగనే వస్తున్నది" అన్నాడు.

కచేరీ అంతా ఘొల్లుమంది. లాజరు తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి, గీత పక్కన తల వంచుకుని నిలబడ్డాడు. వకీలు సాబు మోచేత్తో పొడిచాడు.

"తాగిన సారూ. నాదే తప్పు. ఎద్దుకు ఏం సంబంధం లేదు" అన్నాడు లాజరు.

గుమ్మం దగ్గర ముత్తమ్మ ఇదంతా చూస్తోంది. ఆ నడక ఆమెకు తెలిసిన నడక. పెళ్ళినాడు ఆమె చిటికెన వేలు పట్టుకుని అలా తూలుతూనే చర్చిలోంచి బయటికి వచ్చాడు. ఆ పొద్దున తన పక్కన కూర్చుని సద్ది తిని, నీళ్ళు తాగి, ఎద్దులకు నీళ్ళు పెట్టి వచ్చిన మనిషిని తాగుబోతని అందరూ కలిసి రుజువు చేశారు. నిక్షేపంగా ఉన్న మనిషి మీద ఇంత సులువుగా రుజువు చేయొచ్చా? ఇంతకాలం తాను గడపలో నిలబడి చేసిందేమిటి? ఆమె మూట సర్దుకుని లేచి నిలబడింది.

"ఆయన తాగలే సారూ. ఇయ్యాల తాగలే, ఆనాడు తాగలే. తాగింది నా మైలెద్దు."

వకీలు సాబు నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మా, ఎద్దు పోతది, ఎరుకేనా?" అని గుసగుసగా అన్నాడు.

"ఎరుకనే. నువ్వే సెప్పినవ్ గద."

మెజిస్ట్రేటు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "భర్త తాగానంటున్నాడు. భార్య తాగలేదంటోంది. ఇద్దరిలో ఒకరు కోర్టులో అబద్ధం ఆడుతున్నారు. ఎవరో నువ్వే చెప్పు లాజరూ."

లాజరు కిటికీలోంచి మైలెద్దును చూశాడు. ముత్తమ్మ అబద్ధం ఆడుతోందంటే చాలు, ఎద్దు ఇంటికి వస్తుంది. కానీ ఆమె పదిమందిలో నిలబడి నమ్మానని చెప్పింది. ఎన్నాళ్ళనుంచో ఆయన ఎదురుచూసింది ఆ ఒక్క మాట కోసమే. దాన్ని తన నోటితో అబద్ధం చెయ్యడం ఆయనవల్ల కాలేదు.

"ఆమె అబద్ధమాడది సారూ. నేనే ఆడిన."

అక్కడినుంచి పని చకచకా జరిగిపోయింది. లాజరును వదిలేశారు. కచేరీ గుమాస్తా పేష్కారు కొత్త కాగితం తీసి, కొత్త ముద్దాయి తండ్రి పేరు అడిగాడు. అది లేనిదే కాగితం ముందుకు కదలదట.

"మా నాయన కాడి పెద్ద కోడె" అంది ముత్తమ్మ.

"వృత్తి?"

"బండి లాగుడు."

అదంతా రాసుకున్నారు. బందెలదొడ్డి మనిషి వచ్చి మైలెద్దును విప్పాడు. అది రెండడుగులు వేసి, ఎర్రెద్దు రావడం లేదేమని వెనక్కి తిరిగి చూసింది. ముత్తమ్మ పోయి దాని గంగడోలు నిమిరి, చెవిలో ఏదో చెప్పి పంపింది. లాజరు అటు చూడలేకపోయాడు.

సూర్యాపేట దాటి మిర్యాలగూడ బాట చీలే చోట లాజరు ఆగాడు. చేతిలో ఎర్రెద్దు పగ్గం ఒకటే ఉంది. ముత్తమ్మ చంకలో మూట అలాగే ఉంది.

"ఎందుకాగినవ్?" అంది ముత్తమ్మ.

"నీ బాట అటు గద. ఎద్దు లేదు, బండి లేదు. ఇగ నాకాడ ఏమున్నదని ఉంటవ్? పోతె పో, నేనేమనుకోను."

ముత్తమ్మ మూటను ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకుంది.

"పోతె మా అవ్వ ఎందుకొచ్చినవని అడుగుతది. ఏం సెప్పాలె? నా మొగడు తాగుతలేడు, అందుకే ఇడిసిపెట్టి వచ్చిన అని సెప్పాల్నా?"

లాజరుకు ఏడుపు ఆగలేదు. నడిరోడ్డు మీద నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. సంత నుంచి వస్తున్న వాళ్ళు చూసి, పగలే ఎంత తాగాడో పాపం అనుకుంటూ పక్కకు తప్పుకుని పోయారు. ముత్తమ్మ వాళ్ళకేమీ చెప్పలేదు. మూటను ఎర్రెద్దు వీపు మీద వేసి, పగ్గం తాను పట్టుకుని, గరిడేపల్లి బాటలో నడవసాగింది.