మా చెల్లికి అర్థం కాని వాక్యం

బైబిల్లో ఒక్క వాక్యం మా చెల్లికి అర్థం కావడం లేదట. నీ మీద మనసు విరిగిన తోబుట్టువు ఉంటే, కానుక బలిపీఠం దగ్గరే వదిలేసి ముందు వెళ్లి సమాధానపడమన్న వాక్యం. మనసు విరిగినదాన్ని నేనే. రేపు గుండె ఆపరేషన్. లేస్తానో లేదో డాక్టరే గట్టిగా చెప్పలేకపోయాడు. చెల్లి వస్తుందేమోనని వార్డు గుమ్మం వైపే చూస్తూ పడి ఉన్నాను.

అమ్మ పోయాక, నాకు కూడు పెడుతున్న కుట్టుమిషన్ని తన వాటా అని చెల్లి పట్టుకుపోయింది. దానికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. మిషను మీద పూలకుండీ పెట్టుకుంది. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. అప్పటి నుంచి మాటల్లేవు.

కబుర్లు మోసేది మరిది, దాని మొగుడు. పాలు తెచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"పాస్టరుగారిని అడిగింది వదినా. వెళ్లు అన్న మాటకి మూలభాషలో చాలా లోతుందన్నారు."

ఆ లోతులో పడి ఇంకా పైకి తేలలేదన్నమాట.

"సంఘపెద్దని కూడా అడిగింది. సహోదరులంటే విశ్వాసంలో సహోదరులట. సొంతవాళ్లే కానక్కర్లేదట."

"మరి నేనెవర్నయ్యా? పక్కింటి పిల్లినా?"

పాలు గ్లాసులో పోశాడు. మంచివాడే, నోట్లో నాలుక లేదు.

"బైబిలు క్లాసు టీచరమ్మయితే, ఇప్పుడు బలిపీఠాలే లేవు కదా అంది."

నాకు ఒళ్లు మండిపోయింది. అది అడుగుతున్నది అర్థం కాదు. వెళ్లక్కర్లేదని చెప్పే మనిషి కోసం ఊరంతా గాలిస్తోంది.

ఆ వాక్యం దానికి నేర్పింది నేనే. సండే స్కూలు పరీక్షకని మిషను పక్కన కూర్చోబెట్టుకుని, అక్షరాల మీద వేలు పెట్టించి చదివించాను. మధ్యలో ఆగి, "అంటే ఏంటక్కా?" అంది. "పొద్దున నన్ను గిచ్చావు కదా, ఇలా రా" అన్నాను. పుస్తకం పక్కన పడేసి వచ్చి నా మెడ పట్టుకుంది. ఇంకేమీ అడగలేదు.

తెల్లారింది. మరిది ఒక్కడే వచ్చాడు.

"ఎవరో పెద్ద పండితుడు వచ్చాడట వదినా. ఇదే వాక్యం మీద ప్రసంగమట. వినేసి నేరుగా వస్తానంది."

నర్సు స్ట్రెచర్ తోసుకొచ్చి, కళ్లజోడు ఎవరికిస్తారని అడిగింది. తీసి మరిది చేతిలో పెట్టాను.

"అక్కడా అర్థం కాకపోతే నన్నడగమను," అన్నాను. "లేస్తే చెబుతాను."