నలభై మూడో బిళ్ళ

మా పెద్దమ్మ అప్పమ్మ బొటనవేలికి గీతలు లేవు. ఇరవై ఏడేళ్ళు చీపురు కర్ర పట్టుకుంటే అరిగిపోయేయి. పనిలో వేలిముద్ర మెషీను పెట్టిన దగ్గర్నుంచి రోజూ తెల్లారగట్ల దాని ముందు నిలబడి వేలు నొక్కుతుంది, చీరకి తుడుచుకుని మళ్ళీ నొక్కుతుంది, నాలిక మీద తడి చేసి ఇంకోసారి నొక్కుతుంది. అది ఎర్రలైటే చూపిస్తుంది. కంట్రాక్టరు మనిషికి మనసుంటే కాగితం మీద పేరు రాసుకుంటాడు. లేకపోతే ఊడ్చిన రోజు కూడా నాగాయే.

మాది కోరాపుట్ నుంచి రాయగడ వచ్చే రైలుదారిలో ఒక చిన్న టౌను. తాతల నాడు విజయనగరం వైపు నుంచి వీధులూడ్చే పనికే వచ్చి ఇక్కడ పాతుకుపోయేం. ఇంట్లో తెలుగు, సంతలో దేశియా, ఆఫీసులో ఒడియా. మా వీధిలో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. చదివి ఏం చేస్తున్నానంటే కోర్టు పక్కన జిరాక్సు షాపులో కూచుని ఊరందరి అర్జీలూ టైపు చేస్తున్నాను. అందుకని పెద్దమ్మకి లాయరూ నేనే, దుబాసీ నేనే.

ఈ ఏడు ఒక జాబితా తయారవుతోందన్నారు. రెండువేల ఐదుకి ముందు నుంచి ఊడుస్తున్నవాళ్ళని పర్మనెంటు చేస్తారు, పింఛనిస్తారు. పెద్దమ్మకి అరవై నిండడానికి ఇంక మూడేళ్ళే. దీన్లో పేరు పడకపోతే మళ్ళీ జాబితా వేసేనాటికి ఆమె చేతిలో చీపురుండదు. అయితే పాతకాలం నుంచి పనిచేసినట్టు ఆధారం కావాలి. హాజరు పుస్తకాలేవంటే, వార్డు షెడ్డు కూల్చిన నాడు వానకి తడిసి గుజ్జయిపోయేయని ఒకడు చెప్పేడు, అంతకు ముందే చెదలు తినేసేయని ఇంకొకడు చెప్పేడు.

రైలెక్కి భువనేశ్వర్ వెళ్ళేం. జాబితా చూసే గుమస్తా పేరు మనోరంజన్. చెడ్డవాడు కాడు, మా ఇద్దరికీ కుర్చీలు చూపించేడు. రేషన్ కార్డు ఇచ్చేను, పనికిరాదన్నాడు. పాత గ్రూపు ఫొటో ఇచ్చేను. అందులో పెద్దమ్మ మొహానికి చెత్తబండి చక్రం అడ్డమొచ్చింది. ఆయన దాన్ని చాలాసేపు చూసి వెనక్కిచ్చేడు. పుస్తకమే అక్కర్లేదు, కార్డయినా, చీటీ అయినా, బిళ్ళయినా, వాటి ఫొటో అయినా సరే, దాని మీద వార్డూ పేరూ కనబడితే ఫైలుకి అంటించేస్తానన్నాడు. కాకపోతే ఇవాళ నాలుగింటికి జాబితా పైకి వెళ్ళిపోతుంది, ఆపడం తన చేతిలో లేదన్నాడు.

బయటికొచ్చేసరికి పన్నెండు. వైశాఖం ఎండ, తారు మెత్తబడి చెప్పులకి అంటుకుంటోంది. రోడ్డుకి అవతల అద్దాల మేడ, దాని మీద రంగురంగుల గుడ్డ వేలాడుతోంది. ఆధునిక చిత్రకళా ప్రదర్శన, ప్రవేశం ఉచితం అని చదివేను.

"లోపల సల్లగా ఉంటాదేటే అమ్మీ?" అంది పెద్దమ్మ.

చల్లగానే ఉంది. పెద్దమ్మ చెప్పులు విప్పేసింది. అక్కర్లేదని గార్డు చెప్పినా వినకుండా సంచిలో పెట్టుకుంది. మొదటి గదిలో గోడంత తెల్లగుడ్డ, మధ్యలో ఒక నల్లగీత. సున్నమేసి కూలోడు పారిపోయినట్టున్నాడంది. రెండో గదిలో విరిగిన ఇటికల గుట్ట, దాని మీద లైటు. దీన్నెవులూ ఎత్తలేదేటని చుట్టూ చూసింది. బొమ్మల కన్నా ఆమెకి నేల నచ్చింది. వంగి వేలితో రాసి, ఇది మనిషి తుడిచింది కాదు, మెషీను తుడిచిందని చెప్పింది. చాలా రోజుల తరవాత నవ్వుకున్నాం. నవ్వుకుంటూనే మూడో గదిలోకి వెళ్ళేం.

గోడకి మా హాజరుపలక ఉంది.

షెడ్డు గుమ్మం పక్కన ఉండేది అది. టేకు చెక్క, ఆరు వరసలు, వరసకి పది మేకులు, మేకుకొక రేకు బిళ్ళ. పైన ఒడియాలో ఏడో నంబరు వార్డు అని జమాదారు సన్యాసయ్య రాసిన అక్షరాలు. బిళ్ళకి ఒకవైపు నంబరూ పేరూ, రెండోవైపు ఉత్త రేకు. సాయంత్రం జమాదారు అన్నిటినీ ఉత్తవైపు తిప్పేసేవాడు. తెల్లారగట్ల ఎవరొస్తే వాళ్ళు తమ బిళ్ళని పేరువైపు తిప్పి చీపురు పట్టుకునేవారు. తిప్పనివాళ్ళకి నాగా. చదువు రాకపోయినా మేకు ఎక్కడుందో అందరికీ తెలుసు. చిన్నప్పుడు పెద్దమ్మ వెంట వెళ్ళినప్పుడు నేనే ఎగిరి తిప్పేదాన్ని.

ఇక్కడ అరవై బిళ్ళలూ ఉత్తవైపే ఉన్నాయి.

"సూడే, అందరికీ నాగా ఏసేరు," అంది పెద్దమ్మ మెల్లగా.

పక్కన చీటీ అంటించి ఉంది. దేబాశిష్ అనే కళాకారుడు దీన్ని పాతసామాన్ల కొట్లో కొన్నాడట. బొమ్మ పేరు 'గైర్హాజరు'. పేరు కూడా మిగలని పనివాళ్ళకి ఇది నివాళి అని రాసేరు. చీటీ మూల ఎర్రచుక్క ఉంది, అంటే అమ్ముడైపోయిందని తరవాత తెలిసింది.

వార్డు పైన ఉంది. పేరు ఆ రేకు వెనక ఉంది. టైము ఇంకా ఒంటిగంటే. ఒక్క బిళ్ళ తిప్పితే ఒక్క ఫొటో, అంతే.

అక్కడ బల్ల దగ్గర రష్మి అని ఒక అమ్మాయి ఉంది. ఆర్టు కాలేజీలో చదువుకుంటూ ఇక్కడ కాపలా పని చేస్తోంది. నాకొచ్చిన ఒడియా, హిందీ, ఇంగ్లీషు అన్నీ కలిపి జరిగిందంతా చెప్పేను. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగేయి. కానీ బిళ్ళలు ఏ వైపున్నాయో ఆ వైపుండడమే బొమ్మ అంది. తాకితే చెడిపోయినట్టే లెక్క, కొన్నాయన ఒప్పుకోడు, ఈ పని పోతే తన చదువూ పోతుంది. కళాకారుడికి ఫోను చేసింది. స్విచ్చాఫ్. మళ్ళీ చేసింది. నేను బతిమాలుతున్నాను, ఫోను కెమెరా తెరిచి చేతిలోనే పట్టుకుని.

పెద్దమ్మకి మా మాటలు పట్టలేదు. ఆమె పలక ముందుకి నడిచింది. తాడు కట్టి ఉంటే దాని కింద నుంచి దూరింది. కొంగు నడుముకి దోపుకుంది, పనిలోకి వెళ్ళేముందు దోపుకున్నట్టే. ఐదో వరసలో మూడో మేకు దగ్గరికి చెయ్యి దానంతటదే వెళ్ళింది. బిళ్ళ తిప్పింది.

రేకు చెక్కకి తగిలిన చప్పుడు గదంతా వినిపించింది. ఎర్రరంగులో నలభై మూడు, కింద అప్పమ్మ. సన్యాసయ్య చేతిరాత, కొంచెం వెలిసింది కానీ ఒక్క అక్షరం పోలేదు.

గార్డు అరిచేడు.

నేను చేసిన పని ఇప్పటికీ రోజూ తలుచుకుంటాను. నా చేతిలో కెమెరా తెరిచే ఉంది. వేలు నొక్కితే చాలు. నేను పరిగెత్తుకెళ్ళి పెద్దమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగేను. ఆఫీసుల్లో ఎవరైనా గొంతు పెంచితే ముందు తప్పయిపోయిందనడం నా వృత్తి. ఆ వృత్తే లాగింది. తప్పయిపోయింది సార్, ముసలామె సార్, తెలీదు సార్ అని నేను అంటుండగానే గార్డు జేబురుమాలుతో బిళ్ళని పట్టుకుని ఉత్తవైపు తిప్పేసేడు.

ఇంకొక్కసారని కాళ్ళు పట్టుకోబోయేను. రష్మి మొహం తెల్లబోయింది. ఇది రిజిస్టర్లో రాస్తే పోలీసులొస్తారు, రాయను, మీరు వెంటనే వెళ్ళిపోండి అంది. తలుపు దగ్గర ఆగి, గార్డు భుజం పక్క నుంచి ఒక ఫొటో తీసేను. పైన వార్డు పేరు, కింద అరవై ఉత్త రేకులు.

భోజనానికి వెళ్ళిన మనోరంజన్ మూడింటికి గానీ రాలేదు. ఆ ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి ఆ చివర నుంచి ఈ చివరకి జరిపేడు. పేరెక్కడుందని అడిగేడు. వెనకాల ఉందన్నాను.

"వెనకాలున్నది నేనెలా అంటించను తల్లీ?" అన్నాడు. ఒడియాలో ఆ మాట ఇంకా మెత్తగా ఉంటుంది.

ప్రదర్శనవాళ్ళ దగ్గర్నుంచి ఆ పేరుందని ఒక ఉత్తరమైనా తెమ్మన్నాడు. మళ్ళీ ఎండలో రోడ్డు దాటేను. ఈసారి గార్డు అద్దం తలుపు తియ్యలేదు. మేనేజరు సోమవారం వస్తాడని లోపల నుంచే చేత్తో సైగ చేసేడు. తిరిగొచ్చేసరికి బంట్రోతు ఫైళ్ళు కట్టగట్టి మెట్లెక్కుతున్నాడు. పెద్దమ్మ కుర్చీలోంచి లేచి, ఆ కట్ట వెళ్ళిన వైపు చూస్తూ నిలబడి ఉంది. నాలుగవడానికి ఇంకా ఐదు నిమిషాలుంది.

రైల్లో ఆ ఫొటో తియ్యమంది. కిటికీ వెలుతురుకి ఫోను అడ్డంపెట్టి ఉత్త రేకుల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చింది. ఇది పాపాయమ్మ, డ్రైనులో దిగి జొరమొచ్చి పోయింది. ఇది బేబి, కొడుకుతో తెరుబలి వెళ్ళిపోయింది. ఇది గౌరీశంకర్ పెళ్ళాం, తాగితే జమాదార్నే తిట్టేది. చీటీలో పేరు మిగలలేదని రాసిన వాళ్ళ పేర్లన్నీ ఒక్కటి తప్పకుండా చెప్పింది. ఐదో వరసలో మూడో బిళ్ళ మిగతావాటి కన్నా కొంచెం వంకరగా ఉంది. వేలు దాని మీద ఆగింది.

"ఆడు సరిగ్గా ఎయ్యలేదు," అంది.

నువ్వు తిప్పినప్పుడే నేను ఫొటో తియ్యాల్సింది పెద్దమ్మా అన్నాను. ఆమె తిట్టినా బాగుండేది. ఫోను నా ఒళ్ళో పెట్టి, చెప్పులు సంచిలోంచి తీసి తొడుక్కుంది.

తెల్లారేక స్టేషన్లో దిగి ఇంటికి కూడా రాకుండా పనిలోకి పోయింది. నేను వెనకే వెళ్ళేను. మెషీను మీద వేలు నొక్కింది. తుడుచుకుని నొక్కింది. తడి చేసి నొక్కింది. ఎర్రలైటు. కంట్రాక్టరు మనిషి ఆలస్యమైందంటూ కాగితం తీసి, ఊళ్ళో లేని రెండు రోజులతో పాటు ఆ రోజుకి కూడా నాగా వేసేడు. వేసేక, వచ్చేవు కదా, ఎలాగూ ఖాళీయే కదా, బస్టాండు వైపు ఊడ్చేసి పొమ్మన్నాడు.

పెద్దమ్మ కొంగు నడుముకి దోపుకుంది.