ఎల్ఫులకు ఒక్క తప్పన్న కావాలె

ఎల్ఫులంటే మొనదేలిన చెవులతోని వెయ్యేండ్లు బతికే అడవి మనుషులు. ఇంగ్లీషు కథలల్ల ఉంటరు. నేను వాళ్లను మన అడవిల పెట్టి తెలుగుల నవల రాసిన. అచ్చేసేటోళ్లు రెండుసార్లు తిప్పి పంపిన్రు. "స్తుతి గారూ, మీ ఎల్ఫులకు ఒక్క తప్పన్న లేదు. సోమవారం లోపల మార్చకుంటే ఇగ మావల్ల కాదు" అన్నరు. మూడేండ్ల కష్టం! నాకు తల పగిలిపోతుంది.

ఏం తప్పు పెట్టాలె? పొగరు పెడ్తే అది గూడ అందంగనే కనబడ్డది. కోపం పెడ్తే అదీ న్యాయమైన కోపమే అయ్యింది. థూ, ఏం మనుషులు వీళ్లు!

ఆదివారం చర్చి అయినంక నవల కాయితాలు పట్టుకొని నాగలక్ష్మి ఇంటికి పోయిన. ఆమెది చర్ల అవతల అడవి ఊరు. మా ఖానాపురం హవేలిల కిరాయికుంటది, నాతోనే దవాఖానల నర్సు. కాయితాలన్ని చదివి మంచం మీద పడేసింది.

"ఏందే ఇది? అడవిల పుడితే దేవతలైతరా? ఒక్కడు అబద్ధమాడడు!"

"ఎల్ఫులంటే మీరు కాదే!"

"అవునా? ఇప్పపువ్వు ఏరేది మేము, మామిడికాయల పండుగ దాక కొత్త కాయ ముట్టనిది మేము. అన్ని మావే తెచ్చి పెట్టుకున్నవ్, మా బుద్ధులు తప్ప."

నాకు ఒళ్లు మండింది. "అయితే నువ్వే చెప్పు, మీరేం తప్పు చేస్తరో!" అని అరిచిన.

ఆమె మంచం మీది కాయితాలు ఒక్కొక్కటి ఏరి సర్దింది.

"పండుగకు ముందు కాయ తింటే కీడంటరు. తొమ్మిదేండ్లప్పుడు నేను తిన్న. సగం కొరికిన కాయను మా అక్క కొండమ్మ గంపల ఏసిన. గా వారమే నాయిన జరమొచ్చి మంచం పట్టిండు. గంపల కాయ చూసి అందరు అక్కనే తిట్టిన్రు. పండుగ నాడు ఆమెను దూరంగ కూసోబెట్టిన్రు. నేను ఆమె ముంగటనే పండుగ బువ్వ తిన్న."

నాకు కావాల్సిన తప్పు దొరికింది. నాకే సిగ్గనిపించింది.

"రాసుకో" అన్నది.

"వద్దే. మీ అక్క చదివితే?"

"చదవాలనే. ఇరవై ఏండ్లాయె, నాకు నోరు రాలే. ఫోన్ చేస్త, వానల సంగతి మాట్లాడి పెట్టేస్త. నీ ఎల్ఫుతోనన్న ఆ తప్పు ఒప్పించు. పుస్తకం రాంగనే మొదటిది ఆమెకు పంపు."

"వాళ్లు మళ్ల తిప్పి పంపితే ఎట్లనే?"

"గట్ల అనకే" అని నా చెయ్యి గట్టిగ పట్టుకొని ఏడ్చింది.