బ్రానిగన్ పార్కు ఆకుపచ్చ గోడ

ఆర్విల్ హెస్ పక్కన ముప్ఫై ఒక్క వేసవులు కూర్చున్నాను. అయినా అతని ఇల్లు ఎక్కడో నాకు తెలియదు. నేను బడి బస్సు నడుపుతానని అతనికి తెలుసు గానీ, నా మొగుడి పేరు ఎన్నడూ అడగలేదు. మా స్నేహమంతా బ్రానిగన్ పార్కు బేస్‌బాల్ మైదానంలో, మూడో బేస్ వైపు, పన్నెండో వరుసలోనే. సెప్టెంబరు చివర ఆటలు ముగిస్తే అదీ ఆగిపోయేది. మళ్ళీ ఏప్రిల్లో నా అడుగుల చప్పుడు వినగానే, మధ్యలో చలికాలమే రానట్టు, "వచ్చావా పిల్లా? కూర్చో, మనవాళ్ళు అప్పుడే ఓడిపోతున్నారు" అనేవాడు.

ఆర్విల్‌కి చూపు లేదు. పదకొండో ఏట మెదడువాపు జ్వరంతో పోయింది. దానికి నెల ముందు వాళ్ళ మేనమామ అతన్ని ఈ పార్కుకే తీసుకొచ్చి ఒక ఆట చూపించాడు. కళ్ళతో చూసిన ఆట అదొక్కటే. ఆ మధ్యాహ్నం అతని తలలో వాడిపోకుండా ఉండిపోయింది. ఉన్ని బట్టల్లో చెమటలు కక్కుతున్న ఆటగాళ్ళు, మైదానం చివర ఆకుపచ్చ గోడ, గోడ వెనక వరసగా పోప్లర్ చెట్లు. పెద్దయ్యాక కోర్టు భవనం కింది అంతస్తులో పేపర్లూ మిఠాయిలూ అమ్మే చిన్న కొట్టు నడిపాడు. పగటిపూట ఆట ఉందంటే కొట్టు కట్టేసి వచ్చేసేవాడు. జడ్జీలు కూడా ఏమీ అనేవారు కాదు.

నేను మొదటిసారి అక్కడికి వెళ్ళింది నా మొగుడు ఇల్లు వదిలిపోయిన వేసవిలో. గదుల్లో ఒంటరిగా తిరగలేక టికెట్టు కొన్నాను. పక్క సీట్లో నల్లద్దాల మనిషి రేడియోని చెవికి ఆనించుకుని ఉన్నాడు. "ఈ రేడియోవాడు అన్నీ ఆలస్యంగా చెప్తాడు. బంతి ఎటు పోయిందో చూసి చెప్పవూ?" అన్నాడు. చెప్పాను. ఎవరు పరిగెత్తారో, ఎవరు జారిపడ్డారో, మబ్బు ఎక్కడుందో, అన్నీ చెప్పాను. ఆట ముగిసేసరికి నా గొంతు ఎండిపోయింది. పన్నెండేళ్ళ కాపురంలో నన్ను అంతసేపు ఎవరూ మాట్లాడనివ్వలేదు.

గోడకి నీలం రంగు వేసింది పంతొమ్మిదేళ్ళ కిందట. ఆ చలికాలమే ఆర్విల్ అక్క ఎడ్నా పోయింది. ఇద్దరూ పుట్టినప్పటి నుంచీ ఒకే ఇంట్లో ఉన్నారు. ఆ ఏప్రిల్లో అతను చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని వచ్చాడు. రేడియోని ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాడు. చివరికి, "గోడ ఎలా ఉంది పిల్లా? ఆకుపచ్చగానే ఉందా?" అన్నాడు.

"ఆకుపచ్చగానే ఉంది" అన్నాను.

రేపు చెప్దాంలే అనుకున్నాను. ఆ రేపు రానే లేదు. పదేళ్ళ కిందట కార్లు నిలిపే చోటు కోసం పోప్లర్ చెట్లు కొట్టేశారు. అదీ చెప్పలేదు. ప్రతి ఏప్రిల్లో వాటిని నేనే చిగురింపజేశాను. సెప్టెంబరులో వాటి ఆకుల్ని నేనే పండించాను. సాయంకాలపు గాలికి ఆకులు తిరగబడి వెండిలా మెరుస్తున్నాయని చెప్పేదాన్ని. కొన్నాళ్ళకి అవి నాకూ కనిపించసాగాయి.

హైవే పక్కన కొత్త స్టేడియం కట్టారు. బ్రానిగన్ పార్కులో చివరి ఆట సెప్టెంబరు చివరి ఆదివారం జరిగింది. పొద్దున నది మీద లేచిన పొగమంచు మధ్యాహ్నమైనా పూర్తిగా పోలేదు. ఎండ పాలు కలిపినట్టు మెత్తగా ఉంది. ఆటగాళ్ళు నీళ్ళ అడుగున కదులుతున్నట్టు కనిపించారు. బ్యాటు చప్పుడు కాస్త ఆగి వచ్చి చెవిని తాకినట్టనిపించింది. మా జట్టును అందరూ కొంగలనే అంటారు. ఆ రోజు నిజంగానే ఒంటికాలి మీద కునుకు తీస్తున్నట్టు ఆడారు.

మావాడు బేస్ చేరినా అవుటిచ్చాడు అంపైర్. ఆర్విల్ లేచి నిలబడి నల్లద్దాలు తీసి ఊపాడు. "ఒరేయ్ అంపైరూ, ఇవి పెట్టుకో! నీకంటే నాకే బాగా కనిపిస్తోంది!"

మూడు వరుసల వాళ్ళు పడీపడీ నవ్వారు. కింద నుంచి ఎవరో, "నువ్వే వచ్చి నిలబడు పెద్దాయనా, ఇంతకంటే నయం!" అని అరిచారు.

ఏడు-ఒకటితో ఓడిపోయాం. ఒక్కరూ బాధపడలేదు, ఇంటికి కదలనూ లేదు. కావలసిన వాళ్ళు మైదానంలోకి దిగి నడవొచ్చని మైకులో చెప్పారు.

"పద పిల్లా, గోడ దాకా పోదాం" అన్నాడు ఆర్విల్.

"అంత దూరమా? నీ మోకాళ్ళు ఊరుకుంటాయా?"

"వాటి సంగతి నే చూసుకుంటా. డెబ్భై నాలుగేళ్ళొచ్చాయి. ఇంకెప్పుడు నడుస్తాను?"

గడ్డి అంచున బూట్లూ మేజోళ్ళూ విప్పేశాడు. నా మోచెయ్యి పట్టుకుని మెల్లగా నడిచాడు. చుట్టూ జనం గుళ్ళోకి వచ్చినట్టు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఒకావిడ రెండో బేస్ దగ్గర వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తోంది. పాదాల కింద గడ్డి తడిగా ఉందనీ, చల్లగా ఉందనీ, తను అనుకున్నదానికంటే మెత్తగా ఉందనీ ఆర్విల్ నాకు చెబుతున్నాడు. ఆ రోజు వరకు చెప్పే పని నాది.

గోడ ఇంకో పది అడుగులు ఉందనగా కొత్తగా పెళ్ళైన జంట ఒకటి ఎదురొచ్చింది. ఆ అమ్మాయి నాకు ఫోను ఇచ్చి, "ఆంటీ, ఒక్క ఫోటో తీయరూ? వెనకాల నీలం గోడంతా పడాలి" అంది.

తీశాను. వాళ్ళు వెళ్ళిపోయారు.

"నీలం గోడా?" అన్నాడు ఆర్విల్.

"అవును."

"ఎప్పటి నుంచి?"

"పంతొమ్మిదేళ్ళ నుంచి. ఎడ్నా పోయిన ఏడాది నుంచి."

నా మోచెయ్యి వదిలేశాడు. జనం మమ్మల్ని తప్పించుకుని పోతున్నారు. అతను అలాగే నిలబడ్డాడు.

"మరి చెట్లు?"

"కొట్టేశారు. పదేళ్ళయింది."

"పోయిన ఏప్రిల్లో చిగురేశాయన్నావే వర్నా!"

అతను నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. "వేశాయి ఆర్విల్. ఒట్టు, వేశాయి."

అతని ముఖంలో ఏదో కదిలింది. కోపమో, నవ్వో నాకు తెలియలేదు. చేతులు చాచి నడిచి గోడని తాకాడు. రెండు అరచేతులూ ఆనించి, నుదురు కూడా ఆనించి, చాలాసేపు ఉన్నాడు. తర్వాత బొటనవేలి గోరుతో గీకాడు. పెచ్చు ఊడివచ్చింది.

"కింద ఏ రంగుంది?"

వంగి చూశాను. "నీలం నిలవడానికి ముందేసే పసుపు పూత. దాని కింద ఆకుపచ్చ."

"నిజంగానా?"

"నిజంగా."

"నువ్వంటే నమ్మాల్సిందేగా. ఇన్నాళ్ళూ నేను చేసిందదే." ఆ పెచ్చుని జేబులో వేసుకోలేదు, కింద పారేశాడు. ఇటు తిరిగి వీపు గోడకి ఆనించుకుని కూర్చున్నాడు. "సరే, ఇప్పుడు ఉన్నదున్నట్టు చెప్పు. ఏదీ దాచకు."

పక్కనే కూర్చుని చెప్పాను. పైకప్పు రేకులు తుప్పు పట్టాయని, సీట్లు సగం విరిగాయని, గోడ వెనక ఇప్పుడు కార్లు తప్ప ఏమీ లేదని చెప్పాను.

"నీ జుట్టు ఎర్రగా ఉంటుందని మొదటి రోజు చెప్పావు."

"అప్పుడు ఎర్రదే. ఇప్పుడు తెల్లబడింది."

"అదైనా ముందే చెప్పి ఉండొచ్చుగా! ముప్ఫై ఏళ్ళుగా ఎర్రజుట్టు పిల్లని పక్కన పెట్టుకున్నానని కోర్టులో అందరికీ గొప్పలు చెప్పుకున్నాను."

నవ్వాను. అతనూ నవ్వాడు, కానీ కాస్త ఆలస్యంగా. గేట్లు మూసేస్తున్నామని పిలిచేదాకా అక్కడే కూర్చున్నాం. లేవలేక నా భుజం పట్టుకున్నాడు. "నన్ను ఇంటి దగ్గర దింపుతావా? బస్సులో పోవాలని లేదు" అన్నాడు.

అతని ఇల్లు మా బడికి నాలుగు వీధుల అవతలే ఉంది. ఎన్నో ఏళ్ళు దాని ముందు నుంచే బస్సు నడిపాను. సూప్ తాగి వెళ్ళమన్నాడు. లోపల మసక చీకటి. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"లైటు ఎక్కడుంది ఆర్విల్?"

"ఉందిలే. బల్బు ఎప్పుడు పోయిందో నాకేం తెలుసు? నా చెయ్యి పట్టుకో. ఎడమ పక్క కుర్చీ ఉంది, దాని తర్వాత బల్ల. దాని మూల మొన వాడిగా ఉంటుంది, జాగ్రత్త."

అతని మోచెయ్యి పట్టుకున్నాను. స్టవ్ నీలి మంట వెలిగింది. ఉల్లిపాయ వాసన వచ్చింది. గిన్నె ఎక్కడ పెట్టాడో, చెంచా ఎటు ఉందో, ఎడ్నా ఏ కుర్చీలో కూర్చునేదో అతను ఒక్కొక్కటీ చెబుతూ పోయాడు. కిటికీలో ఆదివారం మెల్లగా ఆరిపోతోంది. నేను సూప్ ఊదుకుంటూ వింటూ కూర్చున్నాను.