ఐదో పేజీ అమ్మాయి

వియెస్వావా పొద్దున ఆరింటికి క్యాబేజీ షెడ్డుకి వెళ్లేది, రెండింటికి తిరిగొచ్చేది. ఆ డిసెంబరు వారం స్నానం మాత్రం వంటగదిలో, బకెట్టుతో. తొట్టిలో చేప ఉంది.

క్రిస్మస్ ముందురోజు భోజనంలోకి బంగారుతీగ చేప ఉండాలి. కొన్నాళ్లు మంచినీళ్లలో ఉంచితే బురదవాసన పోతుంది. పోలిష్ ఊళ్లో ఉన్నప్పుడు వాళ్లమ్మా అంతే చేసేది. ఈసారి చేపని తెచ్చింది పంతొమ్మిదేళ్ల కూతురు ఒతీలియా. చెరువు దగ్గర టికెట్ కొని, గాలం వేసి పట్టి, రెండు చేతులా ఎత్తుకుని ఇంటికి నడిచొచ్చింది. టికెట్ కొంటే చేప మనదే అనుకుంది. వాళ్లు వలస వచ్చిన ఈ లింకన్‌షైర్‌లో పట్టిన చేపని తూచి మళ్లీ నీళ్లలోనే వదిలేస్తారని ఎవరూ చెప్పలేదు.

దారిలో ఎవరో ఫొటో తీశారు. గురువారం ఊరి పత్రికలో ఐదో పేజీలో వేశారు. నవ్వుతున్న ఒతీలియా, చేతుల్లో చేప. పైన పెద్దక్షరాలు: ‘మన చెరువులు, పోలిష్ పళ్లేలు.’

శుక్రవారానికి ఆమె మెడ మీద అడ్డంగా మడత పడింది. మధ్యాహ్నం ఒక భుజం తడిసింది. ఎవరి పేపరో వానలో పడి ఉంటుంది. మోచేతి మీద టీకప్పు మరక. పేపరుకి ఏమైతే అందులో పడ్డ మనిషికీ అదే అవుతుంది. తల్లితో పాటే షెడ్డులో పనిచేసే ఆమెని మేస్త్రీ చూసి, క్యాబేజీలకి సిరా అంటించకు, పక్కన నిలబడు అన్నాడు.

"అమ్మా, వీపు మీద ఏముందో చదువు," అంది ఒతీలియా.

"సగం ధరకే సోఫాలు."

"పోనీలే. మంచి పేజీయే."

వియెస్వావాకి నవ్వు రాలేదు. పోయినేడు ‘మన ఉద్యోగాలు తన్నుకుపోతున్నారు’ అన్న వార్తలో పడ్డ చెస్వావ్, షెడ్డులో తోటి పనివాడు, ఆమెకి గుర్తున్నాడు. పాత పేపర్ల లారీ ఆఖరి కాపీ ఎత్తుకుపోయిన రోజు చెస్వావూ పోయాడు. అతని కోటు ఇంకా షెడ్డులో మేకుకి ఉంది. అంతకుముందే చెస్వావ్ వాళ్లమ్మ ఒక కాపీ దాచింది. మర్నాటికి అందులో బొమ్మ తెల్లబడింది. ఎవరి కోసం అచ్చువేశారో ఆ ఊరివాళ్ల ఇంట్లోనే బొమ్మ నిలుస్తుంది.

లారీ మంగళవారం వస్తుంది. వియెస్వావా ఇల్లిల్లూ తిరిగింది. పక్కింటావిడ పేపరు పిల్లి కింద పరిచింది. కొట్టతను నిన్నటి పేపరు ఎవరు దాస్తారమ్మా అన్నాడు. ఒక్కటి దాచమని అడగడానికి ఆమె దగ్గర ఇంగ్లీషు మాటలు కూడా తక్కువే.

సోమవారం మిగిలింది పించ్‌బెక్ ఒక్కడే. గాలం వేసేవాళ్ల సంఘం పెద్ద. పత్రికకి ఫిర్యాదు రాసింది ఆయనే అంటారు. తలుపు తీసేసరికి ఆయన చేతిలో కత్తెర ఉంది. బల్లమీద ఐదో పేజీ.

"పదకొండేళ్లుగా తెలుసు నాకు ఆ చేప," అన్నాడు. "కత్తిరించి గోడకి పెట్టుకుంటాను. చేప ఒక్కటే చాలు."

వియెస్వావా బొమ్మ మీద వేలు పెట్టింది.

"చేప చుట్టూ మా అమ్మాయి చేతులున్నాయండీ."

ఆయన చూశాడు. అప్పుడే చూసినట్టున్నాడు.

"చేప బతికే ఉంది," అందామె. "తీసుకుపొండి. బొమ్మ మాత్రం కత్తిరించకండి."

ఆయన కత్తెర బల్లమీద పెట్టాడు. వెంట వచ్చి, చేపని తడిగోనెలో చుట్టుకుని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని చెరువుకి వెళ్లాడు. ఒతీలియా వైపు చూడలేదు.

మంగళవారం లారీ వచ్చింది, వెళ్లింది. వియెస్వావా కూతురి చెయ్యి వదల్లేదు. చెయ్యి పలచబడింది, ఇంకా పలచబడింది, అక్కడితో ఆగింది.

ఆ సాయంత్రమే పండగ భోజనం, చేప లేకుండా. అనుకోని అతిథికి వేసే ఖాళీ పళ్లెం ఎప్పటిలాగే వేశారు. వియెస్వావా కూతురి బుగ్గ నిమిరింది. నున్నగా, చల్లగా ఉంది. గోరు తగిలితే చిన్న చప్పుడైంది.

"ఆయన బొమ్మకి అద్దం బిగించాడమ్మా," అంది ఒతీలియా. "నువ్వు కొంచెం గట్టిగా మాట్లాడాలి."

అప్పట్నుంచి శనివారాలు వియెస్వావా గుడ్డ తీసుకుని పించ్‌బెక్ ఇంటికి వెళ్తుంది. పటం మీద దుమ్ము పడితే ఒతీలియాకి సరిగ్గా కనిపించదు. ఆమె తుడుస్తుంటే ఆయన వెనక నిలబడి చూస్తాడు.

"ఎంత అందంగా ఉందో చూశారా," అంటాడు.

చేప సంగతని ఆమెకి తెలుసు. అవునంటుంది.