ఇంజన్ బంద్ చేసి చూసిన ఆయిల్

పటాన్‌చెరు నుంచి సదాశివపేట దాకా హైవే మీద లారీ తోలిన ఏ డ్రైవర్నైనా అడగండి, లింగం ఉస్తాద్ పేరు తెలియనివాడు ఉండడు. ముప్పై ఏళ్లు ఇస్నాపూర్ దగ్గర షెడ్డులో లారీల కింద పడుకునే బతికాడు. బండి గేటు దాటి లోపలికి వస్తుంటే చప్పుడు విని రోగం చెప్పేవాడు. ఆయన చెప్పిన రోగం తప్పిందని ఎవరూ అనలేదు. తప్పినా అనే ధైర్యం ఎవరికీ లేదనుకోండి, అది వేరే సంగతి.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు షెడ్డు పోయింది. అప్పటికి లింగానికి యాభై ఏడేళ్లు. రెండు నెలలు ఇంట్లో కూర్చుని మిక్సీకీ కుక్కర్‌కీ రోగాలు చెబుతూ భార్య ఇందిరమ్మ ప్రాణం తోడేశాడు. అలాంటప్పుడు తెల్లాపూర్ నుంచి కృష్ణప్రియ అనే ఆవిడ వచ్చి, తన మోటార్‌హోమ్ నడపడానికి, చూసుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలని అడిగింది. లింగం నోరు తెరిచేలోపే ఇందిరమ్మ సరేనంది.

మోటార్‌హోమ్ అంటే చక్రాల మీద ఇల్లే. పొడుగాటి వ్యానులో రెండు పడకలు, పొయ్యి, ఫ్రిజ్, వెనక బాత్రూం. కృష్ణప్రియ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి దాన్ని కొన్నది. పక్క తలుపు దగ్గర వీల్‌చైర్ ఎక్కించే లిఫ్టు పెట్టించింది. నడవలేని వాళ్లకు నాలుగు ఊళ్లు చూపించాలని ఆమె పట్టుదల. మొదటి ప్రయాణం ఈ శనివారం, శ్రీశైలానికి. ఎక్కబోయేది జ్యోతి. కాజీపల్లిలో మందుల ప్యాకింగ్ యూనిట్లో లేబుళ్లు సరిచూసే పని చేస్తుంది. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్లూ పోయాయి. ముప్పై నాలుగేళ్లలో ఆమె సంగారెడ్డి జిల్లా దాటలేదు.

బండిని కంది ఊళ్లో పొలాల పక్కన ఒక రేకుల షెడ్డులో పెట్టేవారు. లింగం దాన్ని రోజూ తుడిచేవాడు, కడిగేవాడు. ఒక్కటే ఆయనకు మింగుడు పడలేదు. బండికి క్లచ్ లేదు. గేర్లు వాటంతట అవే పడతాయి. ముప్పై ఏళ్లు గేర్లు పీకి గేర్లు బిగించిన మనిషికి, గేరు తనను అడగకుండా మారడం అవమానంగానే ఉండేది.

ఆ గేర్‌బాక్స్‌కు సర్వీసు చేసింది దశరథ్. ఒకప్పుడు లింగం షెడ్డులోనే పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు నలభై దాటాయి, పటాన్‌చెరులో ఆటోమేటిక్ బండ్లకు పేరున్న మెకానిక్. తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ల కార్లన్నీ వాడి దగ్గరికే వస్తాయి. రెండు నెలల కిందట గేర్‌బాక్స్‌లో కొత్త ఆయిల్ పోసి, బండి అప్పగిస్తూ మెల్లగా చెప్పాడు.

"ఉస్తాద్, దీని ఆయిల్ చూసుడు జెర వేరే ఉంటది. ఇంజన్ చాలూ ఉండంగనే, నడుస్తుండంగనే చూడాలె. బండి గరం అయినంక..."

"ఏందిరా? నాకే నేర్పుతున్నవా?" అని లింగం నవ్వాడు. "ఆయిల్ చూసుడు నీకు ఎవలు నేర్పిండ్రు?"

"మీరే ఉస్తాద్" అన్నాడు దశరథ్. ఇక రెండో మాట ఎత్తలేదు.

లింగం షెడ్డులో ఆయిల్ చూడటానికి ఒక పద్ధతి ఉండేది. బండిని చదునుగా నిలబెట్టాలి, ఇంజన్ బంద్ చెయ్యాలి, ఒక బీడీ కాలేంత సేపు ఆగాలి, అప్పుడు ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూడాలి. లారీ ఇంజన్ ఆయిల్‌కు అది నూటికి నూరుపాళ్లు సరైన పద్ధతి. ఈ గేర్‌బాక్స్‌కూ ఆయన అదే చేశాడు. ప్రతి సోమవారం పొద్దున్నే చల్లటి బండిలో కడ్డీ దించి, పైకి తీసి, ఎర్రటి ఆయిల్ గీత దాకా ఉందని చూసుకుని కృష్ణప్రియ ఫోన్‌కు గొంతు సందేశం పంపేవాడు: "ఆయిల్ ఫుల్ మేడం."

అంతటితో ఆగితే బాగుండేది. అమావాస్య అమావాస్యకు బండి ముందు గుమ్మడికాయ కొట్టే బాధ్యత కూడా ఆయనే నెత్తికెత్తుకున్నాడు. కాయలో పిడికెడు కుంకుమ పోసి కొట్టాడంటే షెడ్డు నేలంతా ఎర్రబడేది. అమావాస్య పోయి పది రోజులైనా బండి ముందు భాగం కింద ఎర్ర చుక్కలు తడితడిగా కనబడేవి. అంత కుంకుమ పోస్తే ఊరికే పోతుందా అనుకునేవాడు. ఒకరోజు బండి కడుగుతూ ఆ తడిని వేలితో తీసి భక్తిగా నొసట బొట్టు పెట్టుకున్నాడు కూడా. వేలికి జిడ్డు తగిలింది. దీపం నూనె ఒలికినట్టుంది అనుకుని ఊరుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం, ప్రయాణానికి ముందు ఒకసారి ఎక్కుడు దారి మీద నడిపి చూద్దామని కృష్ణప్రియ అన్నది. బండిని నర్సాపూర్ అడవి దారి పట్టించారు. గంట సేపు బాగానే నడిచింది. ఘాట్ మలుపు ఎక్కుతుండగా ఇంజన్ ఒక్కసారి గట్టిగా అరిచింది. అరిచింది తప్ప బండి ముందుకు పోలేదు. లింగం కాలు తీసి మళ్లీ తొక్కాడు. మళ్లీ అదే అరుపు. కాలిన వాసన లోపలికి వచ్చింది. వెనకనుంచి లారీ హారన్ మోత. ఎలాగో బండిని పక్కకు తీసి ఆపాడు. ఈ చప్పుడు ఏ రోగానిదో ఆయనకు తెలియలేదు.

కృష్ణప్రియ దశరథ్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. "రెండు నెలల కింద మీరే కదా సర్వీస్ చేసింది? ఏం చేశారు అసలు?"

"అన్నీ మంచిగనే చేసిన మేడం. ఆయిల్ కమ్మి అయి తక్కువ పడ్డట్టున్నది. ఉస్తాద్ వారం వారం చూస్తుండె గదా, ఏమన్నడు?"

"ప్రతి వారం ఫుల్ అన్నారు."

దశరథ్ అన్నాడు. "ఉస్తాద్ ఫుల్ అన్నడంటే ఫుల్లే మేడం. అయితే నా పనిలనే ఏదో తప్పున్నది. వస్తున్న."

ఆ మాట విన్నాక లింగం రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాడు. గంట సేపు అక్కడి నుంచి కదల్లేదు.

దశరథ్ బైక్ మీద వచ్చాడు, వెనక రెండు ఆయిల్ డబ్బాలు కట్టుకుని. ముందుగా బండి కిందికి దూరాడు. బయటికి వచ్చి, కింద పెట్టిన తెల్ల కాగితం చూపించాడు. దాని మీద రెండు మాసిన ఎర్ర చుక్కలు పడ్డాయి.

"గేర్‌బాక్స్ రబ్బరు సీలు కాడికెళ్లి కారుతున్నది. దినాం రెండు చుక్కలు, నాలుగు చుక్కలు. చానా దినాలసంది."

లింగం ఆ ఎర్ర చుక్కల వంక చూశాడు. ఆయన చేయి తనకు తెలియకుండానే నొసటి మీదికి పోయింది.

దశరథ్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. బ్రేకు తొక్కి పట్టుకుని గేరు మీటను అన్ని స్థానాలకూ ఒక్కొక్కటిగా తిప్పి, పార్కింగ్‌లో పెట్టాడు. ఇంజన్ నడుస్తూనే ఉంది. "ఇగ కడ్డీ తీయుండ్రి ఉస్తాద్" అన్నాడు.

లింగం తీశాడు. కడ్డీ గీత దగ్గర ఎండిపోయి ఉంది. అడుగున మాత్రం ఒక్క చుక్క అంటుకుంది. ఆ చుక్కను దశరథ్ కాగితం మీద అద్దాడు. మంచి ఆయిల్ అయితే ఎర్రగా, పలచగా పాకాలి. ఇది పాకలేదు. నడుమ గోధుమరంగు మచ్చగా నిలబడిపోయింది. వాసన చూస్తే మాడిన గింజల వాసన.

"ఇంజన్ బంద్ చేస్తే పైన తిరిగే ఆయిల్ అంత కిందికి దిగొస్తది మేడం. అప్పుడు చూస్తే కమ్మి ఉన్నా ఫుల్ లెక్కనే కనవడ్తది. చాలూ ఉన్నప్పుడే అసలు సంగతి తెలుస్తది." దశరథ్ ఆ మాట కృష్ణప్రియకు చెప్పాడు. లింగం వైపు చూడలేదు. "ఆయిల్ మాడింది. సీలు మార్చాలె, లోపల అంత సాఫ్ చెయ్యాలె. నాలుగు దినాలు పడ్తది. రేపు పోవుడు కాదు."

కృష్ణప్రియ ముఖం కందిపోయింది. "జ్యోతికి ఏం చెప్పాలి నేను? మీ సీలు కారింది, మా ప్రయాణం ఆగింది. మోటార్‌హోమ్ ఓనర్ల గ్రూపులో, మా అపార్ట్‌మెంట్ గ్రూపులో అందరికీ చెబుతాను. మీ దగ్గరికి ఎవరూ రావొద్దని చెబుతాను."

దశరథ్ తల వంచుకున్నాడు. "సీలు ఎప్పుడన్న పోతది మేడం" అని మాత్రం అన్నాడు. వాడికి తెలుసు. సీలు పోవడం ఎవరి తప్పూ కాదని, రెండు నెలలుగా తప్పుగా చూసింది ఎవరో, వాడికి తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు.

లింగం లోపల నిజానికి ఒక నీచమైన ఆలోచన వచ్చింది, దాచడం ఎందుకు. నేను నోరు మూసుకుంటే సరిపోతుంది అనుకున్నాడు. మేడం రెండు రోజులు కోప్పడుతుంది, దశరథ్‌కు గిరాకీ కొంచెం తగ్గుతుంది, వాడు వయసులో ఉన్నాడు, తట్టుకుంటాడు. నాకు ఈ వయసులో పేరు పోతే మళ్లీ వస్తుందా? ఆ ఆలోచనకు ఆయనకే ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లు సంపాదించింది ఇలాంటి పేరా అనుకున్నాడు.

"మేడం, ఆన్ని అనకుండ్రి" అన్నాడు. లేచి నిలబడ్డాడు. "తప్పు నాది. ఆడు నాకు మొదలే చెప్పిండు, చాలూ పెట్టి చూడాలెనని. నేను ఇనలే. బంద్ చేసి చూసి మీకు ఫుల్ అన్న. కింద కారిన ఆయిల్ చూసి గుమ్మడికాయ కుంకుమ అనుకున్న. బొట్టు గూడ పెట్టుకున్న మేడం, ఇగ సూడుండ్రి నా అకల్, నా తెలివి."

కృష్ణప్రియకు ఒక్క క్షణం నవ్వొచ్చింది. ఆ నవ్వు నిలవలేదు. "తెలియకపోతే అడగొచ్చు కదా లింగంగారూ? నన్ను కాకపోతే ఈయన్ని అడగొచ్చు కదా?"

"ముప్పై ఏండ్లు అందరు నన్నే అడిగిండ్రు మేడం. అడుగుడు నాకు రాదు."

దశరథ్ నేల వంక చూస్తూ గొంతు సవరించుకున్నాడు. "నాది గూడ తప్పున్నది. ఇంకోసారి చెప్పాల్సి ఉండె. ఉస్తాద్‌కు ఒక్క మాట రెండుసార్లు చెప్పొద్దని షెడ్డుల మీరే నేర్పిండ్రు. గందుకే చెప్పలే."

అవును, నేర్పాడు. ఒకసారి ఎవరో కుర్రాడు రెండోసారి చెప్పబోతే పానా విసిరాడు కూడా. లింగానికి తల కొట్టేసినట్టయింది. షెడ్డులో ఎంతమంది నోళ్లు తను మూయించాడో, వాళ్ల చేతుల్లో ఎన్ని బండ్లు అలా చెడ్డాయో ఎవరికి తెలుసు.

"జ్యోతికి నేను ఫోన్ చేస్తాను" అన్నది కృష్ణప్రియ. కోపం తగ్గింది కానీ మాట ముక్తసరిగానే ఉంది. "బండి పాడైందని చెబితే చాలు."

"నేనే చేస్త మేడం."

జ్యోతి రెండో రింగుకే ఎత్తింది. లింగం ఆమెను ఒక్కసారే చూశాడు, లిఫ్టు సరిపోతుందో లేదో చూడటానికి వచ్చినప్పుడు. ఆ రోజు ఆమె బాత్రూం తలుపు నాలుగుసార్లు తీసి మూసి చూసుకుంది.

"అమ్మా, రేపు పోతలేము. గేర్‌బాక్స్ ఖరాబైంది. తప్పు నాది. చూసే తీరు తెల్వకనే చూసి, మంచిగున్నదని చెప్పిన."

ఆమె నెమ్మదిగా అడిగింది. "రేపు శ్రీశైలం ఘాట్ల ఆగిపోతే నన్నెట్ల దించుతుంటిరి కాకా?"

లిఫ్టు నడవాలంటే బండి చదునుగా ఉండాలి. ఎక్కుడు మీద, వెనక లారీలు ఆగి ఉండగా, కాలిన వాసన మధ్య ఆమె లోపల కూర్చుని ఉండేది. లింగానికి ఆ దృశ్యం అంతా కళ్ల ముందు కనబడింది.

"తెల్వదమ్మా" అన్నాడు.

"నేను ఎటన్న పోవాల్నంటే ముందటి దినంసంది నీళ్లు తాగుడు బంద్ పెడ్త కాకా. తొవ్వల ఏడ పోతం చెప్పు. మా మ్యానమామ బిడ్డ పెండ్లికి గూడ గట్లనే పోయిన, నాలుక పిడచ కట్టింది. ఇయ్యాల మాత్రం పొద్దుగాలసంది కడుపునిండ తాగుతున్న. బండ్ల బాత్రూం ఉన్నది గదా, బండి మంచిగున్నదని మీరు చెప్పిండ్రు గదా అని."

లింగం కళ్లు నిండాయి. తుడుచుకోలేదు. పక్కన మేడం ఉందనీ దశరథ్ ఉన్నాడనీ కూడా చూసుకోలేదు. "మళ్ల శనివారం పోదం తల్లీ" అన్నాడు. "వస్తవా?"

"వస్త. అయితే గప్పుడు మీరు ఎట్ల చూసిండ్రో నాకు చెప్పుండ్రి. ఉట్టిగ మంచిగున్నది అనొద్దు."

బండిని కట్టి లాక్కొచ్చాక నాలుగు రోజులు లింగం పటాన్‌చెరులో దశరథ్ షాపులోనే ఉన్నాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. సీలు మారుస్తుంటే టార్చిలైటు పట్టుకున్నాడు. కడ్డీ మీద వేడి గీత ఏది, చల్లటి గీత ఏది అని అడిగాడు. అడగడం మొదట్లో కష్టంగా ఉండింది, నోట్లో రాయి ఉన్నట్టు. దశరథ్ ఒకసారి చెప్పి ఆగిపోతే, "మళ్లోసారి చెప్పురా" అన్నాడు.

తర్వాతి శుక్రవారం సాయంత్రం బండిని హైవే మీద అరగంట తిప్పి వేడెక్కించి, చదునుగా నిలబెట్టాడు. ఇంజన్ ఆపలేదు. గేరు మీటను ఒక్కొక్క స్థానానికీ తిప్పాడు. కడ్డీ తీసి, తుడిచి, మళ్లీ దించి తీశాడు. కాగితం మీద చుక్క వేసి అది పాకేదాకా చూశాడు. బండి కింద తెల్ల గుడ్డ పరిచి, అది పొడిగా ఉందని చేత్తో తడిమి చూసుకున్నాడు. అప్పుడు ఫోన్ తీశాడు.

"జ్యోతమ్మా, ఇంజన్ చాలూ పెట్టి చూసిన. గరం మీద చూసిన. రెండుసార్లు చూసిన, దశరథ్ ఇంకోసారి చూసిండు. ఆయిల్ ఎర్రగున్నది, మాడు వాసన లేదు, కింద ఒక్క చుక్క కారలే." తెల్ల గుడ్డను మడిచి పక్కన పెట్టాడు. "ఇగ నువ్వు నీళ్లు తాగు తల్లీ."